ఏకీకరణ మాట వదిలేసిన ఉత్తర కొరియా: యుద్ధానికి దగ్గరా, శాంతికి దగ్గరా?

తూరుపు_గాలి

క్షిపణి ప్రయోగం వార్త వచ్చినప్పుడల్లా రెండు మూడు రోజులు హడావుడి జరిగి సద్దుమణుగుతుంది. 2023 డిసెంబరు ఆఖర్లో వచ్చిన వార్త మాత్రం అలా సద్దుమణిగే రకం కాదని నా అభిప్రాయం. పార్టీ సమావేశంలో కిమ్ జోంగ్ ఉన్, దక్షిణ కొరియాతో తమది ఇక ఒకే జాతి బంధం కాదని, పోరులో ఉన్న రెండు శత్రు రాజ్యాల సంబంధమని ప్రకటించాడు. తాత కిమ్ ఇల్ సుంగ్, తండ్రి కిమ్ జోంగ్ ఇల్ బతికినంత కాలం జపించిన ఏకీకరణను మనవడు ఒక్క ప్రసంగంతో పక్కన పెట్టేశాడు.

మాటతో ఆగలేదు. 2024 జనవరిలో ప్యాంగ్యాంగ్‌లో ఉన్న ఏకీకరణ తోరణాన్ని కూల్చేశారు. రోడ్డుకు అటొకరు ఇటొకరు ఇద్దరు స్త్రీలు వంగి కొరియా పటాన్ని ఎత్తి పట్టుకున్నట్టు ఉండేది ఆ కట్టడం. 2001లో కట్టారు. దక్షిణంతో సంప్రదింపులు చూసే సంస్థలను రద్దు చేశారు. జాతీయ గీతంలో ద్వీపకల్పం మొత్తాన్ని సూచించే పదాలు తీసేశారు. అదే ఏడాది అక్టోబరు 15న రెండు దేశాలను కలిపే రోడ్లలో తమ వైపు భాగాన్ని పేల్చేశారు. రెండు రోజుల తర్వాత, రాజ్యాంగం ప్రకారమే దక్షిణం శత్రు దేశమని అధికారిక వార్తా సంస్థ చెప్పింది.

వెయ్యేళ్లకు పైగా ఒకే రాజ్యం కింద, ఒకే భాషతో, ఒకే లిపితో బతికిన జనం వీళ్లు. 1945లో ఎవరో గీత గీస్తే విడిపోయారు. ఇప్పుడు "మనం ఒక్కటే" అన్న ఆ చివరి మాట కూడా పోతే, తుపాకీ పేల్చేవాడి చేతిని ఆపేది ఏముంటుంది? ఈ విషయం మీద మీరంతా ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఉంది.

సరిహద్దు_రాయి

తూరుపు_గాలి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ "మనం ఒక్కటే" అన్న మాట ఎన్నడూ ఎవరి చేతినీ ఆపలేదు. 1950 జూన్ 25న కిమ్ ఇల్ సుంగ్ ట్యాంకులు అప్పటి విభజన గీత 38వ అక్షాంశం దాటింది ఏ పేరు మీద? ఏకీకరణ పేరు మీదే. అప్పటి దక్షిణ అధ్యక్షుడు సింగ్‌మన్ రీ నినాదం ఏమిటి? ఉత్తరం మీదికి దండెత్తి దేశాన్ని ఒకటి చేద్దామనే. ఇద్దరూ ఒకే జాతి అన్నారు, ఇద్దరూ ఆ జాతికి తామే అసలైన ప్రభుత్వం అన్నారు. మూడేళ్ల యుద్ధంలో సియోల్ నగరం నాలుగుసార్లు చేతులు మారింది. లక్షల మంది పోయారు.

రాజ్యాంగాలు చూడండి. దక్షిణ కొరియా రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం ఆ దేశ భూభాగమంటే మొత్తం ద్వీపకల్పం, చుట్టూ ఉన్న దీవులు. ఉత్తరం 1948 రాజ్యాంగంలో రాజధానిగా రాసుకున్నది సియోల్ పేరు! 1972లో గానీ దాన్ని ప్యాంగ్యాంగ్‌గా మార్చలేదు. దక్షిణ ప్రభుత్వం ఉత్తరాన ఉన్న ఐదు రాష్ట్రాలకు నేటికీ గవర్నర్లను నియమిస్తూనే ఉంది. వాళ్ల ఆఫీసు సియోల్‌లో ఉంటుంది, వాళ్లు పాలించాల్సిన జిల్లాలు ముళ్లకంచె అవతల ఉంటాయి.

పక్కవాణ్ని పరాయి దేశంగా చూస్తే అతని ఇంటి మీద మనకు హక్కు లేదని ఒప్పుకున్నట్టు. తమ్ముడిగా చూసినంత కాలం ఆస్తి మొత్తం నాదే అనే వాదన బతికే ఉంటుంది. దాయాది పగ అంత మొండిది అందుకే. ఉత్తరం ఆ వాదన వదులుకుంటే నాకైతే అందులో కొంచెం ఊపిరి తీసుకునే చోటు కనిపిస్తోంది.

వెన్నెల_పూలు

క్షమించండి సరిహద్దు_రాయి గారూ, ఇది నేను ఒప్పుకోలేను. మీరు రాజ్యాంగాల గురించి మాట్లాడుతున్నారు. నేను మనుషుల గురించి మాట్లాడతాను.

యుద్ధంలో విడిపోయిన కుటుంబాల కోసం దక్షిణ కొరియాలో 1988 నుంచి ఒక జాబితా ఉంది. అందులో పేరు రాయించుకున్నవాళ్లు 1,30,000 మందికి పైగా. వాళ్లలో ఎక్కువ మంది ఎదురుచూస్తూనే కన్నుమూశారు. మిగిలినవాళ్లలో చాలామందికి ఎనభై దాటాయి, తొంభై దాటాయి. వీళ్లు అవతల ఉన్న అన్నకు, బిడ్డకు ఫోను చేయలేరు, ఉత్తరం రాయలేరు. లాటరీలో పేరు వస్తే వజ్రగిరి, అంటే కుమ్‌గాంగ్ కొండల దగ్గర కొన్ని గంటలు కలిసి కూర్చోనిచ్చేవారు. ఆ తర్వాత బస్సు ఎక్కించేవారు. అద్దానికి అటు ఒక చెయ్యి, ఇటు ఒక చెయ్యి. ఆ ఫొటోలు చూసి ఏడవని వాళ్లుంటారా? చివరిసారి కలిపింది 2018 ఆగస్టులో. ఆ కలయికలు జరిగే భవనాన్ని ఉత్తరం కూల్చేస్తోందని 2025 ఫిబ్రవరిలో దక్షిణ ప్రభుత్వం చెప్పింది.

1983లో దక్షిణ కొరియా టీవీ సంస్థ కేబీఎస్ విడిపోయినవాళ్లను వెతికే ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టింది. కొద్దిసేపటి కార్యక్రమం అనుకున్నది 138 రోజులు సాగింది. దక్షిణంలోనే ఉండి ఒకరికొకరు తెలియకుండా బతుకుతున్న పది వేలకు పైగా కుటుంబాలు కలిశాయి. ఒకే దేశంలోనే ఇంతమంది దొరికారంటే, గీతకు అవతల ఇంకెంతమంది ఉన్నట్టు?

"ఒకే జాతి" అన్న మాట వల్లే ఈ ముసలివాళ్లకు ఆ కొన్ని గంటలైనా దక్కాయి. శత్రు దేశపు పౌరులుగా మార్చేశాక ఏ ఒప్పందం కింద కలుపుతారు?

కొత్త_పాఠకుడు

ఒక సందేహం. యుద్ధం 1953లో ముగిసింది కదా? మరి "పోరులో ఉన్న రెండు రాజ్యాలు" అనడంలో అర్థమేమిటి?

చరిత్ర_దారి

ముగియలేదు తమ్ముడూ, ఆగింది అంతే. 1953 జూలై 27న సరిహద్దు గ్రామం పన్‌మున్‌జొమ్‌లో కుదిరింది యుద్ధ విరామ ఒప్పందం. శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. దాని మీద ఒక వైపు ఐక్యరాజ్యసమితి దళాల తరఫున అమెరికా జనరళ్లు, రెండో వైపు ఉత్తర కొరియా, చైనా సైన్యాల తరఫున వాళ్లు సంతకాలు చేశారు. దక్షిణ కొరియా సంతకమే లేదు! దేశాన్ని సగంలో వదిలేసే కాగితం మీద చెయ్యి పెట్టనని రీ మొండికేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఉత్తరం దీన్నే ఎత్తిపొడిచేది: నీ సంతకమే లేదు, నీతో మాటలేమిటి, అమెరికాతో మాట్లాడుకుంటాం అని.

ఆ ఒప్పందంతో పుట్టిందే సుమారు 250 కిలోమీటర్ల పొడవు, 4 కిలోమీటర్ల వెడల్పు ఉన్న డీఎంజెడ్. పేరుకు సైన్యరహిత ప్రాంతం. దానికి రెండు పక్కలా ప్రపంచంలోకెల్లా దట్టమైన సైనిక మోహరింపు.

మన వాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఈ ఒప్పందం అమలులో పెద్ద బరువు మోసింది భారతదేశం. ఇంటికి తిరిగి వెళ్లనని మొండికేసిన యుద్ధ ఖైదీలను ఏం చేయాలన్న దగ్గరే చర్చలు చాలా కాలం ఇరుక్కుపోయాయి. చివరికి వాళ్లను తటస్థ దేశాల కమిషన్‌కు అప్పగించారు. దానికి అధ్యక్షుడు జనరల్ తిమ్మయ్య. సుమారు 23,000 మంది ఖైదీలకు కాపలా కాసింది జనరల్ థోరట్ కింద ఉన్న మన సైనికులు. భారతీయులను తన నేల మీద అడుగు పెట్టనివ్వనని రీ పట్టుబట్టాడు. అందుకని మన జవాన్లను ఓడల నుంచి హెలికాప్టర్లలో నేరుగా డీఎంజెడ్‌కు చేర్చారు. రెండు కొరియాలనూ వద్దనుకున్న ఖైదీలు కొందరు చివరికి భారతదేశానికే వచ్చారు. 1973 డిసెంబరు 10న, ఒకే రోజున, మనం రెండు కొరియాలతోనూ దౌత్య సంబంధాలు పెట్టుకున్నాం.

నిప్పుకణిక

చరిత్ర బాగుంది కానీ అసలు మాట ఎవరూ అనడం లేదు. ఉత్తరానికి ఏకీకరణ మాట అవసరం తీరిపోయింది, ఎందుకంటే బాంబు చేతికొచ్చింది. 2006 అక్టోబరులో మొదటి అణుపరీక్ష. తర్వాత 2009, 2013, 2016లో రెండు, 2017లో ఆరోది. మధ్యలో ఎన్ని చర్చలు, ఎన్ని కరచాలనాలు! 2000లో దక్షిణ అధ్యక్షుడు కిమ్ డే జుంగ్ ప్యాంగ్యాంగ్ వెళ్లి కౌగిలించుకున్నాడు, ఆయనకు నోబెల్ వచ్చింది. 2007లో తర్వాతి అధ్యక్షుడు రో మూ హ్యున్ వెళ్లాడు. 2018లో అధ్యక్షుడు మూన్ జే ఇన్ కిమ్ జోంగ్ ఉన్ చెయ్యి పట్టుకుని గీత దాటాడు. చివరికి మిగిలిందేమిటి? 2022లో ముందుగానే అణుదాడి చేసే వీలున్న చట్టం చేసుకున్నారు, 2023లో అణ్వాయుధ విధానాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించారు.

2010 మార్చిలో చొనాన్ యుద్ధనౌక మునిగి 46 మంది నావికులు చనిపోయారు. ఉత్తరం టార్పెడోయే కారణమని అంతర్జాతీయ దర్యాప్తు తేల్చింది, ఉత్తరం ఒప్పుకోలేదు. అదే నవంబరులో యోన్‌ప్యాంగ్ దీవి మీద ఫిరంగులు కురిపించారు. ఇద్దరు సైనికులు, ఇద్దరు మామూలు పౌరులు పోయారు. ఇవన్నీ "ఒకే జాతి" అన్న మాట బతికి ఉన్న రోజుల్లోనే జరిగాయి, వెన్నెల గారూ. సియోల్ సరిహద్దుకు 50 కిలోమీటర్ల లోపే ఉంది. ఆ నగరాన్ని నిలబెట్టింది అమెరికాతో 1953లో చేసుకున్న రక్షణ ఒప్పందం, అక్కడున్న 28,500 మంది అమెరికన్ సైనికులు, దక్షిణం సొంత సైన్యం. చర్చలు కావు.

మాజీ_సిపాయి

నిప్పుకణిక గారూ, సైన్యం లేకుండా చర్చలు నడవవన్నది నేనూ ఒప్పుకుంటాను. నా బతుకంతా యూనిఫాంలోనే గడిచింది. కానీ సైన్యం నిలబడి ఉన్నచోటే చర్చల అవసరం ఎక్కువ. ఎందుకో 2015 ఆగస్టు చూస్తే తెలుస్తుంది.

ఆగస్టు 4న డీఎంజెడ్ దక్షిణ భాగంలో గస్తీ తిరుగుతున్న ఇద్దరు దక్షిణ కొరియా సైనికులు మందుపాతర మీద కాలు వేశారు. ఒకరికి రెండు కాళ్లూ, ఇంకొకరికి ఒక పాదం పోయాయి. ఉత్తరం పెట్టినవేనని దక్షిణం అంది, మేం పెట్టలేదని వాళ్లన్నారు. పదకొండేళ్లుగా మూగబోయిన సరిహద్దు లౌడ్‌స్పీకర్లను దక్షిణం మళ్లీ మోగించింది. ఉత్తరానికి అది భరించలేని విషయం. వాళ్ల సైనికుల చెవుల్లోకి నేరుగా వార్తలు, పాటలు, కిమ్ మీద విమర్శలు వెళ్తాయి. 20వ తేదీన ఫిరంగులు పేలాయి, ఇటు నుంచీ బదులు వెళ్లింది. 48 గంటల్లో స్పీకర్లు ఆపకపోతే దాడేనని ఉత్తరం గడువు పెట్టింది. జలాంతర్గాములు పదుల సంఖ్యలో రేవులు వదిలి వెళ్లాయి.

గడువు తీరే సమయానికి పన్‌మున్‌జొమ్‌లో ఇద్దరిద్దరు మనుషులు బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. దక్షిణం నుంచి భద్రతా సలహాదారు కిమ్ క్వాన్ జిన్, ఏకీకరణ మంత్రి హోంగ్ యోంగ్ ప్యో. ఉత్తరం నుంచి హ్వాంగ్ ప్యోంగ్ సో, కిమ్ యాంగ్ గొన్. విరామాలతో కలిపి నాలుగు రోజులు, 43 గంటలకు పైగా మాట్లాడుకున్నారు. దక్షిణం క్షమాపణ అడిగింది, ఉత్తరం ససేమిరా అంది. చివరికి మందుపాతర పేలి సైనికులు గాయపడినందుకు విచారం తెలిపేలా ఉత్తరం ఒప్పుకుంది. ఎవరు పెట్టారో అందులో లేదు. దక్షిణం 25 మధ్యాహ్నం నుంచి స్పీకర్లు ఆపేసింది. అక్టోబరులో కుటుంబాల కలయిక జరిగింది.

ఆ గదిలో కూర్చున్నవాళ్లు ఒకే భాష మాట్లాడుకున్నారు, దుబాసీ అవసరం రాలేదు. కానీ యుద్ధం ఆపింది ఆ భాష కాదు. కబురు పంపడానికి ఒక తీగ ఉంది, కూర్చోవడానికి ఇరువైపులా గౌరవం పోని ఒక చోటు ఉంది, గెలిచామని ఇంటికెళ్లి చెప్పుకోవడానికి ఇద్దరికీ ఒక్కో మాట దొరికింది. ఈ మూడూ ముందే సిద్ధం చేసి ఉంచితేనే ఆపద వేళకు పనికొస్తాయి.

అందుకే తోరణం కూలిన వార్త కంటే 2023 ఏప్రిల్ వార్త నన్ను ఎక్కువ భయపెట్టింది. అప్పటి నుంచి రోజూ చేసే హాట్‌లైన్ కాల్స్‌కు ఉత్తరం ఫోను ఎత్తడం మానేసింది.

వెన్నెల_పూలు

మాజీ_సిపాయి గారూ, చాలా బాగా చెప్పారు. కానీ మీ కథలోనే నా సమాధానం ఉంది. ఒప్పందంలో కుటుంబాల కలయిక ఎందుకు వచ్చింది? అది లేకుండా కూడా స్పీకర్లు ఆపొచ్చు కదా? ఇరువైపుల జనం దాన్ని కోరుకుంటున్నారు కాబట్టి, ఒకే జాతి అన్న భావన ఉంది కాబట్టి, దౌత్యవేత్తలకు ఇచ్చిపుచ్చుకోవడానికి అది ఒకటి దొరికింది. ఆ భావన చచ్చిపోతే బల్ల మీద మిగిలేవి ఆయుధాలే.

హాన్_నది_ఒడ్డున

నేను ఉద్యోగరీత్యా సియోల్‌లోనే ఉంటున్నాను, ఇక్కడి సంగతి కొంచెం చెప్తాను.

బయటి నుంచి చూస్తే ఈ ఊరు ఎప్పుడూ వణుకుతూ ఉంటుందనుకుంటారు. అలా ఏమీ ఉండదు. క్షిపణి వార్త ఫోనుకు వస్తుంది, చూస్తారు, మెట్రో ఎక్కుతారు. అయితే ఆరోగ్యంగా ఉన్న ప్రతి కుర్రాడూ ఒకటిన్నర ఏడాది, కొన్ని విభాగాల్లో ఇంకా ఎక్కువ, సైన్యంలో పనిచేసి రావాల్సిందే. నా టీములో మగవాళ్లందరికీ ఏదో ఒక యూనిట్ కథ ఉంది. విభజన వీళ్లకు పాఠ్యపుస్తకంలో ఉండే విషయం కాదు, ఇరవై ఏళ్ల వయసులో మంచులో నిలబడి కాసిన కంచె అది.

ఏకీకరణ గురించి అడిగితే తరం తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పెద్దవాళ్లు తప్పకుండా జరగాలి అంటారు. కుర్రాళ్లు అంత ఖర్చు ఎవరు భరిస్తారు, మా ఇళ్ల అద్దెలకే దిక్కు లేదు అంటారు. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం ఏటా చేసే సర్వేలో కూడా ఏకీకరణ అవసరం అనేవాళ్లు తగ్గుతూ వస్తున్నారు. అంటే కిమ్ బహిరంగంగా చెప్పిన మాటను ఇక్కడి యువతరం చప్పుడు లేకుండా చాలాకాలంగా అనుకుంటూనే ఉంది.

కానీ ఇంకో పక్క కూడా ఉంది. ఉత్తరం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఇప్పటిదాకా 34,000 మంది దాకా ఉన్నారు. వాళ్లు శరణార్థులు కారు, చట్టం ప్రకారం పుట్టుకతోనే ఈ దేశ పౌరులు. హానావన్ అనే కేంద్రంలో కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి ఇల్లు, గుర్తింపు కార్డు ఇస్తారు. సరిహద్దు_రాయి గారు తప్పుబట్టిన ఆ 3వ అధికరణం వల్లే ఇది సాధ్యమైంది. రేపు దక్షిణం కూడా "మనం రెండు వేరు దేశాలు" అని రాసుకుంటే, చైనాలో దాక్కుని ఉన్న ఉత్తర కొరియా ఆడపిల్లకు ఏ దేశం నీ బిడ్డే అని చెప్తుంది? ఇది నన్ను నిజంగా కలవరపెట్టే ప్రశ్న.

సరిహద్దు_రాయి

హాన్_నది గారి ప్రశ్నకు జర్మనీలో ఒక జవాబు ఉంది. 1972లో రెండు జర్మనీలు ఒప్పందం చేసుకుని ఒకరి ఉనికిని ఒకరు గుర్తించాయి, 1973లో రెండూ ఐక్యరాజ్యసమితిలో చేరాయి. తూర్పు జర్మనీ అయితే 1974లో తన రాజ్యాంగం నుంచి జర్మన్ జాతి ప్రస్తావననే తీసేసింది, అచ్చం ఇప్పుడు కిమ్ చేసినట్టే. పశ్చిమ జర్మనీ మాత్రం గుర్తింపు ఇస్తూనే పౌరసత్వం ఒక్కటే అన్న సూత్రం వదల్లేదు. పారిపోయి వచ్చినవాళ్లను చివరి రోజు వరకు తమవాళ్లుగానే తీసుకుంది. వాళ్లు విడివిడిగా ఉన్నామని ఒప్పుకున్నాకే ఉత్తరాలు, ఫోన్లు, రాకపోకలు పెరిగాయి. 1990లో కలిసిపోయారు.

ఇంకొకటి. ఏకీకరణ మాట ఎవరికి ఉపయోగపడిందో కూడా చూడాలి. 1972 మేలో దక్షిణ గూఢచార సంస్థ అధిపతి లీ హు రాక్ రహస్యంగా ప్యాంగ్యాంగ్ వెళ్లాడు. జూలై 4న ఉమ్మడి ప్రకటన వచ్చింది: బయటివాళ్ల ప్రమేయం లేకుండా, శాంతియుతంగా, జాతీయ ఐక్యతతో కలుద్దామని. జనం రెండు వైపులా సంతోషపడ్డారు. అదే ఏడాది డిసెంబరు 27న, ఒకే రోజున, దక్షిణంలో పార్క్ చుంగ్ హీ చేతికి దాదాపు అపరిమిత అధికారం ఇచ్చిన యుషిన్ రాజ్యాంగం, ఉత్తరంలో కిమ్ ఇల్ సుంగ్‌ను సర్వాధికార అధ్యక్షుణ్ని చేసిన రాజ్యాంగం అమల్లోకి వచ్చాయి. ఏకీకరణకు దేశాన్ని సిద్ధం చేయాలన్నదే పార్క్ చెప్పిన సాకు.

చరిత్ర_దారి

జర్మనీ పోలిక ఎక్కువ దూరం లాగకండి. జర్మన్లు ఒకరినొకరు చంపుకోలేదు. కొరియన్లు చంపుకున్నారు, పక్క ఊరి వాళ్లను పక్క ఊరి వాళ్లే. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. పైగా తూర్పు జర్మనీ చేతిలో సొంత అణుబాంబు లేదు.

నిప్పుకణిక గారికి కూడా ఒక మాట. చర్చల వల్ల ఏమీ మిగల్లేదనడం సరికాదు. 1994 అక్టోబరులో జెనీవాలో అమెరికా, ఉత్తర కొరియా చేసుకున్న ఒప్పందం వల్ల ఉత్తరం అణు కేంద్రమైన యోంగ్‌బ్యోన్‌లో బాంబుకు పనికొచ్చే ప్లుటోనియం ఉత్పత్తి ఎనిమిదేళ్లు ఆగిపోయింది. బదులుగా ఏటా 5 లక్షల టన్నుల ఇంధన నూనె, రెండు విద్యుత్ రియాక్టర్లు ఇస్తామన్నారు. రియాక్టర్లు నత్తనడక నడిచాయి. ఉత్తరం చాటుగా యురేనియం శుద్ధి దారి పట్టింది. 2002 చివర్లో అంతా కూలిపోయింది, 2003లో అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచి ఉత్తరం వెళ్లిపోయింది, మూడేళ్లకు బాంబు పేల్చింది. ఒప్పందం ఉన్నంత కాలం ప్లుటోనియం దారి మూసి ఉంది, పోయాక తెరుచుకుంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి.

నిప్పుకణిక

చాటుగా యురేనియం శుద్ధి చేసుకున్నారని మీరే అంటున్నారు కదా చరిత్ర_దారి గారూ. మాట ఇచ్చి వెనక నుంచి ఇంకో దారి తవ్వుకునేవాడితో మళ్లీ మళ్లీ కూర్చోవడం నాకు మింగుడు పడదు. సరిహద్దుకు అవతల ఉత్తరంలో ఉన్న కెసోంగ్ పారిశ్రామిక వాడ సంగతి చెప్పండి. దక్షిణం డబ్బు పెట్టి ఫ్యాక్టరీలు కట్టింది. జీతాలు నేరుగా కార్మికుల చేతికి వెళ్లలేదు, ఉత్తర ప్రభుత్వానికి వెళ్లాయి. ఆ డబ్బు ఏ క్షిపణికి చేరిందో ఎవరు చెప్పగలరు?

హాన్_నది_ఒడ్డున

కెసోంగ్‌ను అంత తేలిగ్గా కొట్టేయకండి. 2004లో ఉత్పత్తి మొదలైంది. ఆఖరి రోజుల్లో దక్షిణం వాళ్ల కంపెనీలు 120కి పైగా, ఉత్తరం కార్మికులు 50,000 మందికి పైగా. చెప్పులు, బట్టలు, గడియారం భాగాలు కుట్టేవాళ్లు, బిగించేవాళ్లు. డబ్బు సంగతి నిజమే, అది పెద్ద లోపం. కానీ సైనికపరంగా ఒక్కటి గమనించండి. కెసోంగ్ నుంచి సియోల్‌కు వచ్చే ఆ దారి 1950లో ఉత్తర సైన్యం దూసుకొచ్చిన దారి. పారిశ్రామిక వాడ కోసం అక్కడి సైనిక దళాలను ఉత్తరం కొంత వెనక్కి జరపాల్సి వచ్చింది. 2010లో నౌక మునిగినా, దీవి మీద ఫిరంగులు పేలినా ఆ గేటు మూతపడలేదు. 2013లో కొన్ని నెలలు మూసి మళ్లీ తెరిచారు. 2016 ఫిబ్రవరిలో అణుపరీక్ష, రాకెట్ ప్రయోగం తర్వాత దక్షిణమే ఆపేసింది.

2018లో అక్కడే ఉమ్మడి సంప్రదింపుల కార్యాలయం పెట్టారు, ఇరుదేశాల ఉద్యోగులు ఒకే భవనంలో. సరిహద్దు దాటి కరపత్రాల బెలూన్లు వస్తున్నాయన్న కోపంతో 2020 జూన్ 16న ఉత్తరం ఆ భవనాన్నే పేల్చేసింది. ఆ పొగ ఇటు వైపుకి కూడా కనిపించింది.

వెన్నెల_పూలు

కెసోంగ్ అంటే నాకు ఫ్యాక్టరీల కంటే మన్‌వొల్‌దే గుర్తొస్తుంది. గొర్యో రాజుల కోట శిథిలాలు అక్కడ ఉన్నాయి. 2007 నుంచి 2018 వరకు, మధ్యమధ్యలో ఆగుతూ, రెండు దేశాల పురావస్తు నిపుణులు కలిసి తవ్వారు. పైన క్షిపణులు ఎగురుతుంటే కింద ఇద్దరూ ఒకే గుంటలో దిగి ఒకే రాజు పెంకులు ఏరుకున్నారు.

2018 నవంబరులో కొరియా సంప్రదాయ కుస్తీ యునెస్కో జాబితాలోకి ఎక్కింది. మొదట ఎవరి దరఖాస్తు వాళ్లు పెట్టుకున్నారు, తర్వాత ఒక్కటిగా చేశారు. యునెస్కో చరిత్రలో రెండు కొరియాలు ఉమ్మడిగా సాధించిన తొలి గుర్తింపు అది. కిమ్చీకి మాత్రం 2013లో దక్షిణానికి, 2015లో ఉత్తరానికి విడివిడిగా ఇచ్చారు.

1991లో జపాన్‌లోని చిబాలో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలకు రెండు దేశాలూ ఒకే జట్టుగా వెళ్లాయి. దక్షిణం నుంచి హ్యున్ జుంగ్ హ్వా, ఉత్తరం నుంచి లి బున్ హుయి ఉన్న మహిళల జట్టు చైనాను ఓడించి బంగారు పతకం గెలిచింది. ఆ వారసత్వాన్ని పనికిరానిదిగా తీసిపారేస్తే నా మనసు ఒప్పుకోదు.

సరిహద్దు_రాయి

వారసత్వాన్ని తీసిపారేయమని నేను అనలేదు వెన్నెల గారూ. కుస్తీ దరఖాస్తు కలిసి వేయడానికి రెండు ప్రభుత్వాలూ కావాల్సి వచ్చింది. రెండు సంతకాలు, రెండు జెండాలు. నేను కోరేది అదే: రెండు దేశాలుగా ఉండి, ఒకే వారసత్వాన్ని పంచుకోవడం. 1991 డిసెంబరు ఒప్పందంలో తమది దేశాల మధ్య సంబంధం కాదని, ఏకీకరణ దారిలో తాత్కాలికంగా ఏర్పడిన ప్రత్యేక సంబంధమని రాసుకున్నారు. తాత్కాలికం అన్నది ముప్ఫై ఏళ్లు దాటింది. ఎవరూ ఎవరికీ రాయబారిని పంపలేదు. రాయబార కార్యాలయం ఉంటే కనీసం వీసా అడిగే కిటికీ ఒకటి ఉండేది. మీరు చెప్పిన ముసలి తల్లి ఆ కిటికీ దగ్గర నిలబడగలిగేది.

వెన్నెల_పూలు

కిటికీ పెట్టేవాడికి ఆ ఉద్దేశం ఉండాలి కదా. కిమ్ ప్రసంగంలో "శత్రు" అన్న మాట తీసేసి "పొరుగు" అన్న రోజున మీ మాట ఒప్పుకుంటాను.

కొత్త_పాఠకుడు

చాలా తెలుసుకున్నాను, అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు ప్రమాదం ఎక్కువగా ఎక్కడుంది? నేల మీదా, సముద్రంలోనా?

మాజీ_సిపాయి

రెండు చోట్లా ఉంది, సముద్రంలో ఎక్కువ. 1953 ఒప్పందంలో నేల మీద గీత ఉంది, పశ్చిమ సముద్రంలో లేదు. ఐక్యరాజ్యసమితి దళాల కమాండర్ ఆ తర్వాత సొంతంగా ఒక ఉత్తర హద్దు గీత గీశాడు. దక్షిణం దాన్ని సరిహద్దుగా కాపాడుతోంది, ఉత్తరం ఒప్పుకోదు. అక్కడ పీతలు బాగా పడతాయి, ఆ సీజన్‌లో పడవలు గీత దగ్గరికి వస్తాయి, వెనక గస్తీ నౌకలు వస్తాయి. 1999 జూన్‌లో కాల్పులు, 2002 జూన్‌లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ జరుగుతుండగా మళ్లీ కాల్పులు. దక్షిణ నావికులు ఆరుగురు చనిపోయారు. 2010 సంగతి పైన చెప్పారు. 2007లో ఆ నీళ్లను ఉమ్మడి చేపల వేట ప్రాంతంగా చేద్దామని ఇద్దరు నేతలూ అనుకున్నారు, అమలు కాలేదు.

2018 సెప్టెంబరు 19న కుదిరిన సైనిక ఒప్పందం ఈ గొడవను నేరుగా పట్టించుకుంది. సముద్రంలో ఫిరంగి కాల్పులు జరపకూడని ప్రాంతం, గీతకు ఇరువైపులా 5 కిలోమీటర్లలో ఫిరంగి అభ్యాసాలు బంద్, పైన విమానాలకు నిషేధ ప్రాంతం. ఇరువైపులా పదకొండేసి కాపలా పోస్టులు ఖాళీ చేశారు, పన్‌మున్‌జొమ్ ఉమ్మడి ప్రాంతంలో సైనికులు తుపాకులు తీసేశారు. ఒక సైనికుడిగా చెప్తున్నా, అంత వివరంగా, అంత పనికొచ్చేలా రాసిన కాగితం ఆ సరిహద్దులో అంతకుముందు లేదు. 2023 నవంబరులో ఉత్తరం గూఢచార ఉపగ్రహం పంపితే దక్షిణం అందులో కొంత భాగం ఆపేసింది, మర్నాడే ఉత్తరం మొత్తం వదిలేసింది. 2024లో ఉత్తరం నుంచి చెత్త కట్టిన బెలూన్లు రావడం మొదలయ్యాక జూన్‌లో దక్షిణం కూడా పూర్తిగా ఆపేసింది. లౌడ్‌స్పీకర్లు మళ్లీ మోగాయి.

తూరుపు_గాలి

2025 జూన్‌లో లీ జే మ్యుంగ్ అధ్యక్షుడయ్యాక ఆ స్పీకర్లు ఆపించాడు, ఆగస్టులో తీసేయించాడు కూడా. ఉత్తరం వైపు శబ్దాలు కూడా ఆగాయి. ఆగస్టు 15 ప్రసంగంలో ఉత్తరం వ్యవస్థను గౌరవిస్తామని, కలిపేసుకునే ఉద్దేశం లేదని, సెప్టెంబరు 19 ఒప్పందాన్ని దశలవారీగా తిరిగి అమలు చేస్తామని చెప్పాడు. దీన్ని మీరు ఎలా చూస్తారు మాజీ_సిపాయి గారూ? ఉత్తరం బదులు ఇవ్వకపోయినా ఇలా ఒకవైపు నుంచే చేయడం బలహీనత అవుతుందా?

మాజీ_సిపాయి

నా దృష్టిలో కాదు. స్పీకరు తీసేస్తే ఫిరంగి తీసేసినట్టు కాదు, సైన్యం ఎక్కడిది అక్కడే ఉంది. పైగా నేల మీద ఒక పని తొందరగా కావాల్సి ఉంది. గీతను చూపించడానికి 1953లో 1,292 బోర్డులు పాతారు. 1973 తర్వాత వాటిని బాగుచేసే పని ఆగిపోయింది. చాలా బోర్డులు తుప్పుపట్టి పడిపోయాయి, కొన్ని చోట్ల గీత ఎక్కడుందన్న దాని మీదే ఇద్దరి పటాలు కలవవు. 2024 నుంచి ఉత్తర సైనికులు అక్కడ గోడలు కడుతూ, మందుపాతరలు పాతుతూ గీత దాటి వస్తున్నారు. దక్షిణం హెచ్చరిక కాల్పులు జరుపుతోంది, వాళ్లు వెనక్కి వెళ్తున్నారు. ఒక్క తూటా పొరపాటున తగిలితే చాలు.

2025 నవంబరులో దక్షిణ రక్షణ శాఖ ఒక ప్రతిపాదన పంపింది: సైనికాధికారులం కూర్చుని గీత ఎక్కడుందో పటాల మీద సరిచూసుకుందాం అని. హాట్‌లైన్లు పలకడం లేదు కాబట్టి పత్రికా ప్రకటనగా చదివి వినిపించారు. సరిహద్దు_రాయి గారు కోరే రెండు దేశాలకైనా, వెన్నెల గారు కోరే ఒకే జాతికైనా ముందు ఆ బోర్డులు తిరిగి పాతాలి. ఐక్యరాజ్యసమితి దళాల ఆఫీసు నుంచి ఉత్తరానికి ఒక ఫోను లైను ఉంది. ఆ బోర్డుల జాబితాను ముందు దాని ద్వారానైనా పంపమని నేనైతే అడుగుతాను.